కిడ్నీ టీబీ అనుమానం వచ్చినప్పుడు ఆసుపత్రిలో రోగి, తోడున్నవారు చేయవలసిన పనులు

మూత్ర పరీక్ష కాగితం, మూత్రం కల్చర్ కాగితం రెండూ మీ చేతిలో ఉన్నాయనుకుందాం. మొదటి దానిలో పస్ సెల్స్ అని రాసే చీము కణాలు 25 నుంచి 30 వరకు, ఎర్ర కణాలు 10 నుంచి 12 వరకు ఉన్నాయని, మూత్రం ఆమ్ల గుణంతో ఉందని రాసి ఉంది. రెండో దానిలో 48 గంటలు గడిచినా ఏ సూక్ష్మజీవీ పెరగలేదని ఉంది. ఆ రెండో కాగితం చూసి "ఇన్‌ఫెక్షన్ లేదట" అని ఊపిరి పీల్చుకునేవారే ఎక్కువ. నిజానికి అనుమానం మొదలుకావలసింది అక్కడే. చీము కనబడుతోంది, చీము పట్టించిన క్రిమి మాత్రం మామూలు కల్చర్‌కు దొరకలేదు. అంతకుముందే యాంటీబయాటిక్ వాడి ఉండటం, కిడ్నీలో రాయి ఉండటం వంటి కారణాల వల్ల కూడా ఇలా జరగవచ్చు. కానీ ఇదే ఫలితం రెండోసారి, మూడోసారి కూడా వస్తే, మన దేశంలో ముందుగా తోచవలసిన పేరు క్షయ. టీబీ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. రెండు రోజుల్లో ముగించే మామూలు కల్చర్‌లో అది బయటపడే అవకాశం లేదు. ఒక్కోసారి టీబీతో పాటు మామూలు క్రిమి కూడా చేరి కల్చర్‌లో అది మాత్రమే కనబడుతుంది కాబట్టి, ఏదో క్రిమి పెరిగిందన్న కారణంతో టీబీ ఆలోచనను పూర్తిగా పక్కన పెట్టడం కూడా సరికాదు.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం పేరు గానీ, హైదరాబాదులోని ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి పేరు గానీ వినగానే మనకు దగ్గు, తెమడ పరీక్ష గుర్తుకు వస్తాయి. కిడ్నీ టీబీకి దగ్గు అవసరం లేదు. ఎప్పుడో ఊపిరితిత్తుల్లోకి ప్రవేశించిన క్రిమి రక్తం ద్వారా కిడ్నీకి చేరి, అక్కడ ఏళ్ల తరబడి, కొందరిలో ఇరవై ఏళ్లకు పైగా, నిద్రాణంగా ఉండి తర్వాత లేస్తుంది. అందువల్ల ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన కిడ్నీ టీబీ లేదని చెప్పడానికి వీలుకాదు. "ఇంట్లో ఎవరికీ టీబీ లేదు" అన్న మాట కూడా ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు. దానికి బదులు రోగిని అడగవలసిన ప్రశ్న వేరు: చిన్నప్పుడో, పెళ్లికి ముందో మెడ దగ్గర గడ్డలకు గానీ, ఛాతీలో నీరు చేరినందుకు గానీ ఆరు నెలలు మందులు వాడారా? ఈ ప్రశ్నకు జవాబు తరచుగా రోగి దగ్గర దొరకదు, వాళ్లమ్మ దగ్గర దొరుకుతుంది.

లక్షణాలు కూడా దారి తప్పించేవే. పదేపదే మూత్రానికి వెళ్లవలసి రావడం, రాత్రి నాలుగైదుసార్లు లేవవలసి రావడం, మంట, అప్పుడప్పుడు నొప్పి లేకుండా రక్తం పడటం, నడుము పక్కన బరువుగా ఉండటం ముఖ్యమైనవి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం వంటి టీబీ గుర్తులు చాలామందిలో ఉండనే ఉండవు. మగవారిలో వృషణం వెనుక గట్టి గడ్డ ఏర్పడటం, అది పగిలి చీము కారడం ఒక ముఖ్యమైన ఆధారం, కానీ సిగ్గుతో దాన్ని చెప్పరు కాబట్టి డాక్టరే అడిగి చూడాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు, హెచ్‌ఐవీ ఉన్నవారు, డయాలసిస్ మీద ఉన్నవారు, కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారు, స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినవారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు అంతుచిక్కని జ్వరం వస్తే మూత్రాన్ని టీబీ కోసం పంపారా లేదా అని అడగడం తప్పు కాదు.

మందుకు ముందు మూత్రం

టీబీ అనుమానం ఉన్న రోగికి, నమూనాలు ఇవ్వకముందే లీవోఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వంటి మాత్రలు మొదలుపెట్టడం నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అలవాటు. మూత్రంలో మంట అనగానే మందుల దుకాణంలో చేతికి వచ్చేవి కూడా ఇవే. ఇవి టీబీ క్రిమిని కొంత అణచివేస్తాయి, చంపి పూర్తిగా తుడిచిపెట్టలేవు. రోగికి వారం పాటు హాయిగా ఉంటుంది, కల్చర్‌లో క్రిమి దొరకదు, వ్యాధి కొనసాగుతుంది, పైగా ఆ మందుకు క్రిమి మొండికెత్తే ప్రమాదం ఉంటుంది. తీవ్రమైన జ్వరం, చలి, రక్తపోటు పడిపోవడం వంటి అత్యవసర పరిస్థితిలో యాంటీబయాటిక్ ఆపమని ఎవరూ చెప్పరు. అలాంటి స్థితి లేనప్పుడు మాత్రం ముందు మూత్రం, తర్వాత మాత్ర అన్న వరుస తప్పకూడదు. చేరిన రోజే, గత రెండు నెలల్లో వాడిన మాత్రల అట్టలన్నీ డ్యూటీ డాక్టరుకు చూపించాలి. పేరు గుర్తులేకపోయినా ఖాళీ అట్ట చాలు.

నమూనా ఇచ్చే పద్ధతిని కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే పరీక్ష ఎంత మంచిదైనా సీసాలో పోసింది సరిగా లేకపోతే ఫలితం రాదు. టీబీ క్రిములు మూత్రంలో ఎప్పుడూ ఒకేలా పడవు, ఒకరోజు పడి రెండు రోజులు పడకపోవచ్చు. అందుకే వరుసగా కనీసం మూడు రోజులు, కొన్నిచోట్ల ఐదు రోజులు, తెల్లవారి లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని ఇవ్వాలి. రాత్రంతా మూత్రాశయంలో నిలిచి ఉంటుంది కాబట్టి క్రిములు ఎక్కువగా దొరికేది అందులోనే. మామూలు కల్చర్‌కు మధ్యలో వచ్చే ధారను పట్టమంటారు. టీబీకి అలా కాదు, ఆ మొదటి మూత్రం మొత్తాన్ని పట్టాలి. ల్యాబులో దాన్ని యంత్రంలో తిప్పి అడుగున చేరిన మడ్డిని పరీక్షిస్తారు కాబట్టి ఎంత ఎక్కువ ఇస్తే అంత మంచిది. వార్డులో ఇచ్చే చిన్న డబ్బా సరిపోకపోతే ముందురోజు రాత్రే సిస్టర్‌ను అడిగి, సీలు తీయని స్టెరైల్ డబ్బాలు రెండు తీసుకుని మంచం పక్కన పెట్టుకోవాలి. ఉదయం ఐదు గంటలకు బాత్రూముకు వెళ్లి వచ్చాక డబ్బా గుర్తుకు వస్తే ఆ రోజు నమూనా పోయినట్టే.

ముందుగా మర్మాంగాన్ని మంచినీళ్లతో కడుక్కోవాలి, ఎందుకంటే చర్మం మీద ఉండే, టీబీ క్రిమిని పోలిన, హాని చేయని క్రిములు సూక్ష్మదర్శినిలో అచ్చం టీబీ క్రిమిలాగే కనబడతాయి. ఈ కారణం వల్లనే మూత్రాన్ని స్లైడు మీద పూసి చూసే పరీక్ష ఒక్కదానిని నమ్మి మందులు మొదలుపెట్టడం మంచిది కాదు. డబ్బా లోపలి అంచును వేలితో తాకకుండా మూత బిగించి, రోగి పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చేది), తేదీ, ఎన్నో నమూనా అన్నవి మూత మీద కాకుండా డబ్బా మీద రాయాలి, ల్యాబులో మూతలు మారిపోతాయి. వెంటనే ల్యాబుకు పంపాలి, ఆలస్యమయ్యేటట్లయితే ఫ్రిజ్‌లో పెట్టమని సిస్టర్‌కు ఇవ్వాలి. మూడు రోజుల మూత్రాన్నీ ఒకే డబ్బాలో కలపడం, 24 గంటల మూత్రాన్ని పోగుచేసి ఇవ్వడం, యూరోబ్యాగులో, అంటే గొట్టానికి తగిలించిన సంచిలో, నిలిచి ఉన్నదాన్ని పోయడం వంటివి చేయకూడదు. క్యాథెటర్ ఉన్న రోగికి ఉదయాన్నే గొట్టాన్ని కాసేపు మూసి ఉంచి సిస్టరే సిరంజితో శుభ్రంగా తీస్తారు. నడుము పక్క నుంచి కిడ్నీలోకి గొట్టం, అంటే పీసీఎన్, వేసినప్పుడు వచ్చే చీమును కూడా తప్పకుండా టీబీ పరీక్షకు పంపమని గుర్తుచేయాలి.

ఏ పరీక్ష ఏమి చెబుతుంది

క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే సీబీనాట్ పరీక్ష సుమారు రెండు గంటల్లో క్రిమి ఉందా లేదా అన్నదీ, రిఫాంపిసిన్ మందుకు అది లొంగుతుందా లేదా అన్నదీ చెబుతుంది. అది పాజిటివ్ అయితే చాలా విలువైన ఫలితం. నెగెటివ్ అయితే మాత్రం టీబీ లేదని అర్థం కాదు, ఆ నమూనాలో దొరకలేదని మాత్రమే అర్థం. అందుకే దానితో పాటు టీబీ కల్చర్ కూడా పంపాలి. ద్రవ మాధ్యమంలో పెంచే కల్చర్‌కు ఆరు వారాల వరకు, గట్టి మాధ్యమానికి ఎనిమిది వారాల వరకు సమయం పడుతుంది. ఈలోగా రోగి డిశ్చార్జి అవుతాడు, కల్చర్ ఫలితం ల్యాబు రిజిస్టర్లోనే ఉండిపోతుంది. డిశ్చార్జి రోజున ల్యాబు నంబరు, నమూనా ఇచ్చిన తేదీ, ఫలితం రావలసిన తేదీ రాసుకుని, ఆ తేదీన వెళ్లి అడిగి తీసుకోవడం తోడున్నవారి పని. కొందరికి మందు మారవలసిన అవసరం ఆ కాగితం వల్లనే తెలుస్తుంది.

స్కానుల విషయంలో, అల్ట్రాసౌండ్ కిడ్నీ వాపును చూపిస్తుంది గానీ తొలిదశ టీబీని చూపించలేకపోవచ్చు. మందు ఎక్కించి తీసే సీటీ యూరోగ్రఫీలో కిడ్నీ లోపలి గిన్నెల అంచులు చిమ్మెట కొట్టినట్టు కొరికి ఉండటం, వాటి మెడలు బిగుసుకుపోవడం, మూత్రనాళం అక్కడక్కడ సన్నబడటం, సున్నం పేరుకోవడం, మూత్రాశయం కుంచించుకుపోవడం కనబడతాయి. సున్నం చూసి రాయి అనుకునే పొరపాటు జరుగుతుంది. ఈ సీటీకి ముందు కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ చూపించుకోవాలి, చక్కెర మాత్ర మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పాలి. క్రియాటినిన్ ఎక్కువగా ఉంటే డాక్టర్లు మందు ఎక్కించని పద్ధతిని గానీ ఎంఆర్‌ఐని గానీ ఎంచుకుంటారు.

మూత్రాశయం లోపల దుర్బీను పెట్టి చూసి ముక్క తీసినప్పుడు, లేదా ఏదైనా ఆపరేషన్‌లో కణజాలం తీసినప్పుడు, ఒక చిన్న విషయం పెద్ద తేడా తెస్తుంది. ముక్క మొత్తాన్ని ఫార్మలిన్‌లో వేస్తే అందులోని క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్‌కు అది పనికిరాదు. ఒక భాగం ఫార్మలిన్‌లో బయాప్సీకి, ఇంకొక భాగం నార్మల్ సెలైన్‌లో టీబీ కల్చర్‌కు, సీబీనాట్‌కు వెళ్లాలి. ఆపరేషన్‌కు ముందురోజు డాక్టరుతో "సెలైన్‌లో కూడా ఒక ముక్క పంపుతారా" అని మర్యాదగా అడిగితే చాలు.

మందులు మొదలయ్యాక

మామూలు మందులకు లొంగే టీబీకి మన జాతీయ టీబీ కార్యక్రమంలో మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ నాలుగూ, తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తప్ప మిగతా మూడూ, ఒకే మాత్రలో కలిపి రోజూ ఇస్తారు. మాత్రల సంఖ్య బరువును బట్టి ఉంటుంది: పెద్దవారిలో 35 నుంచి 49 కిలోల వరకు మూడు, 50 నుంచి 64 వరకు నాలుగు, 65 నుంచి 75 వరకు ఐదు. కాబట్టి 48 కిలోల మనిషికి మూడు మాత్రలు. తిండి పట్టి అతడు 54 కిలోలకు చేరితే లెక్క మళ్లీ చూడాలి, అందుకే నెలనెలా బరువు రాసుకోవాలి. వ్యాధి ముదిరినప్పుడు డాక్టరు ఆరు నెలలను ఇంకా పొడిగించవచ్చు.

పై లెక్క కిడ్నీలు సరిగా పనిచేసేవారికి మాత్రమే. కిడ్నీల పని బాగా తగ్గినవారిలో, డయాలసిస్ మీద ఉన్నవారిలో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ మోతాదు మారదు. కానీ పైరజినమైడ్, ఇథాంబుటాల్ ఒంట్లో పేరుకుంటాయి కాబట్టి వాటిని వారానికి మూడుసార్లు మాత్రమే ఇస్తారు. అంటే కలిపిన మాత్ర అలాంటివారికి పనికిరాదు, విడివిడి మాత్రలు కావాలి. డయాలసిస్ ఉన్న రోజు మాత్రలు డయాలసిస్ పూర్తయిన తర్వాతనే వేసుకోవాలి, ముందు వేసుకుంటే కొంత మందు యంత్రంలోకి కొట్టుకుపోతుంది. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్‌ను వీరిలో వీలైనంత వరకు దూరం పెడతారు. నరాల తిమ్మిర్లు రాకుండా పిరిడాక్సిన్ మాత్ర తోడుగా ఉందో లేదో చూసుకోవాలి.

రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది. అంతకుముందు మూత్రంలో రక్తం చూసి భయపడిన రోగికి ఇది మళ్లీ రక్తమేమో అనిపిస్తుంది. మందు వల్ల వచ్చే రంగు మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లో సమంగా, గడ్డలు లేకుండా వస్తుంది, చెమటకు, కన్నీళ్లకు కూడా ఆ ఛాయ ఉంటుంది. గడ్డలు పడినా, మూత్రం మధ్యలో ఆగినా అది రక్తమే, వెంటనే రావాలి. ఇదే కారణం వల్ల కామెర్లను మూత్రం రంగును బట్టి పోల్చుకోవడం కష్టం. కంటి తెల్లగుడ్డు పచ్చబడిందా, ఆకలి పూర్తిగా పోయిందా, వాంతులు ఆగడం లేదా అన్నవి గమనించి, అలా ఉంటే మాత్రలు ఆపి అదే రోజు డాక్టరును కలవాలి. ఇథాంబుటాల్ వల్ల చూపు మసకబారవచ్చు, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా తెలియకుండా పోవచ్చు. కిడ్నీ పని తగ్గినవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. మొదలుపెట్టే ముందే కంటి డాక్టరుతో ఒకసారి పరీక్ష చేయించి రాయించుకుంటే తర్వాత పోల్చడానికి ఉంటుంది.

రిఫాంపిసిన్ ఇతర మందుల బలాన్ని తగ్గించివేస్తుంది. గర్భనిరోధక మాత్రలు, వార్ఫరిన్, కొన్ని చక్కెర మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, స్టెరాయిడ్లు ఈ జాబితాలో ఉన్నాయి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారిలో రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ మందుల స్థాయి పడిపోయి కొత్త కిడ్నీనే శరీరం తిరస్కరించవచ్చు. అందుకే వారు టీబీ మాత్ర మొదటి రోజు వేసుకునే ముందే మార్పిడి డాక్టరుతో మాట్లాడాలి. ఇంకొకటి: రెండు మూడు వారాలు మానేసి, మళ్లీ ఎవరినీ అడగకుండా మొదలుపెట్టడం. రిఫాంపిసిన్‌ను అలా విరామం తర్వాత తిరిగి మొదలుపెట్టినప్పుడు కొందరిలో కిడ్నీ ఒక్కసారిగా దెబ్బతింటుంది.

నయమవుతూనే మూసుకుపోయే నాళం

కిడ్నీ టీబీలో అందరికీ చెప్పవలసినదీ, చాలా తక్కువమందికి చెప్పబడేదీ ఇదే. పుండు మానినచోట మచ్చ పడుతుంది, మచ్చ పడినచోట చర్మం ముడుచుకుంటుంది. మూత్రనాళం లోపల కూడా అంతే జరుగుతుంది. మందులు బాగా పనిచేస్తున్న మొదటి నెలల్లోనే, జ్వరం తగ్గి, ఆకలి పెరిగి, రోగి కోలుకుంటున్నాడని ఇంట్లో అందరూ సంతోషిస్తున్న సమయంలోనే, నాళం కింది కొస, మూత్రాశయంలో కలిసేచోట, సన్నబడి మూసుకుపోవచ్చు. అప్పుడు పైన కిడ్నీలో మూత్రం నిలిచి, ఒత్తిడికి కిడ్నీ పలచబడిపోతుంది. నొప్పి ఉండకపోవచ్చు. రెండో కిడ్నీ పని చేస్తుంది కాబట్టి మూత్రం కూడా తగ్గదు. రోగికి తెలిసే దారి లేదు, స్కానుకే తెలుస్తుంది.

కాబట్టి డిశ్చార్జి కాగితంలో టీబీ మాత్రలతో పాటు అల్ట్రాసౌండ్ తేదీలు కూడా రాయించుకోవాలి. మొదటి నెల చివర ఒకటి, రెండో నెల చివర ఒకటి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధిలో. ప్రతిసారీ క్రియాటినిన్ కూడా. స్కాను చేసేవారికి పాత రిపోర్టు చూపించి వాపు పెరిగిందా తగ్గిందా అని పోల్చి రాయమని అడగాలి. "కొద్దిగా వాపు" అన్న మాట మూడు నెలల కిందటి రిపోర్టులో లేకుండా ఇప్పటి రిపోర్టులో కనబడితే అది కొద్ది విషయం కాదు.

నాళం బిగుసుకుపోతే లోపల డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం వేస్తారు, లేదా పీసీఎన్ గొట్టం పెడతారు. స్టెంట్ వేసిన వారం పది రోజులు మూత్రంలో మంట, తొందర ఉండటం మామూలే. స్టెంట్ వేశారన్న సంగతే మరచిపోవడం మాత్రం పెద్ద ప్రమాదం. మూడు నుంచి ఆరు నెలల్లో మార్చవలసినది ఏళ్ల తరబడి ఉండిపోతే దాని చుట్టూ రాయి కట్టి, తీయడానికే ఆపరేషన్లు కావలసి వస్తాయి. తీయవలసిన తేదీని ఇంట్లో గోడ క్యాలెండరు మీద రాసి పెట్టడం సులువైన మార్గం.

పూర్తిగా పాడై పనిచేయని కిడ్నీని, నొప్పి, రక్తం, అదుపుకాని బీపీ వంటివి ఉంటే, తీసివేస్తారు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు టీబీ మందులు వాడిన తర్వాతనే చేస్తారు. మూత్రాశయం బాగా కుంచించుకుపోయి గంటకోసారి లేవవలసి వస్తుంటే పేగు ముక్కతో దాన్ని పెద్దది చేసే ఆపరేషన్ ఉంది. ఖర్చు విషయం తెలంగాణలో ఆరోగ్యశ్రీ కౌంటరులో, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటరులో ఆపరేషన్‌కు ముందే అడగాలి, తర్వాత అడిగితే ప్రయోజనం ఉండదు.

నిక్షయ్ నమోదు, ఇల్లు

ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా టీబీ రోగిని ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి తప్పనిసరి. ఆ ప్రభుత్వ టీబీ నమోదులో రోగికి ఇచ్చే నిక్షయ్ ఐడీ అడిగి తీసుకోవాలి. ఊపిరితిత్తుల టీబీ కాదు కదా అని కొందరు నమోదు చేయించుకోరు, అది అనవసరంగా పోగొట్టుకోవడమే. ఉచిత మందులు, బ్యాంకు ఖాతాలో పడే పోషణ భృతి కిడ్నీ టీబీకి కూడా వర్తిస్తాయి. 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలైన ఆ భృతిని 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు చేశారు. సందేహాలకు 1800-11-6666 నంబరు ఉంది. హెచ్‌ఐవీ, చక్కెర పరీక్షలు కూడా ఈ నమోదులో భాగమే, అవమానంగా భావించనవసరం లేదు.

ఊపిరితిత్తుల్లో టీబీ లేదని తేలితే, కిడ్నీ టీబీ దగ్గు తుంపరల ద్వారా ఇంట్లోవారికి అంటుకునేది కాదు. వేరే కంచం, వేరే గ్లాసు, వేరే గది అవసరం లేదు. కోడలిని పుట్టింటికి పంపడం అసలే అవసరం లేదు. ఛాతీ ఎక్స్‌రే, దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించడం మాత్రం తప్పనిసరి, రెండుచోట్లా వ్యాధి ఉన్నవారు కొందరు ఉంటారు. స్త్రీలలో నెలసరి తేడాలు, సంతానం కలగకపోవడం ఉంటే గర్భసంచి వైపు కూడా చూడమని గైనకాలజిస్టును అడగాలి.

మందులు పూర్తయ్యాక సీబీనాట్ చేయించి నయమైందా అని చూడటం వల్ల ఉపయోగం లేదు, చచ్చిన క్రిముల ఆనవాలును కూడా అది పాజిటివ్‌గా చూపించగలదు. ఉదయపు మూత్రం టీబీ కల్చర్, మామూలు మూత్ర పరీక్ష, క్రియాటినిన్, అల్ట్రాసౌండ్ కావాలి. ఆఖరి మాత్ర వేసుకున్న తర్వాత మూడు, ఆరు, పన్నెండు నెలలకు ఇవి చేయించుకోవాలి. ఈ మధ్యలో మళ్లీ మంట మొదలై మూత్రంలో చీము కణాలు కనబడితే, మందుల దుకాణానికి వెళ్లే ముందు మూడు ఉదయాల మూత్రాన్ని మూడు వేర్వేరు డబ్బాల్లో ఇచ్చి, పాత ఫైలు పట్టుకుని యూరాలజీ ఓపీకి రావాలి.